మిర్చి కల్లంలో దిగిన డ్రోన్

అజారుద్దీన్ ఇనుప రాడ్డు ఎత్తి కొట్టిన మొదటి దెబ్బకే డ్రోన్ రెక్క విరిగి నీళ్ల డ్రమ్ము పక్కన పడింది. అతని తలకు చుట్టిన తువ్వాలు నెత్తుటితో తడిసి చెవి మీదికి జారుతోంది. అయినా రాడ్డు దించలేదు. రెండో దెబ్బ పడేసరికి తమ్ముడు షాబాజ్ ఉరికి వచ్చి వెనక నుంచి నడుం పట్టుకున్నాడు.

"భాయ్, వద్దు. అది మనది కాదు, కంపెనీది."

"కంపెనీదా? మరి బెంజమిన్ ఎవనోడురా?"

అంటూనే అజారుద్దీన్ మోచేత్తో వెనక్కి ఒక్క పోటు పొడిచాడు. అది సరిగ్గా షాబాజ్ ముక్కు మీద తగిలింది. జుమ్మా నమాజు కోసమని పొద్దున ఇస్త్రీ చేసి తొడుక్కున్న తెల్ల జుబ్బా ముందుభాగమంతా నెత్తురైపోయింది. అయినా షాబాజ్ పట్టు వదల్లేదు. అన్నదమ్ములిద్దరూ ఆ విరిగిన మిషన్ మీదే పడి దొర్లారు.

అనీసా మెట్ల గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరు అన్నల మధ్యకు వెళ్లి విడదీయాలనుకుంది గానీ వెళ్లలేదు. ఆమె చూపు విరిగిన రెక్క మీదే ఉంది. ఆ రెక్కకు మిరప పొడి ఎర్రగా, సన్నగా అంటుకుని ఉంది. డ్రోన్ తిరిగొచ్చి డాబా మీద వాలినప్పటి నుంచీ ఆ పొడి వైపు చూడకుండా తప్పించుకు తిరుగుతోంది పాపం. ఇప్పుడు చూడక తప్పలేదు.

మహబూబ్ అలీ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కొడుకుల్ని తిట్టలేదు, విడదీయనూ లేదు.

"కింద ఆరోగ్యమ్మ కూసున్నది. ఆమె కొడుకు బెంజమిన్ అక్కడ తండల గుంజకు కట్టేసి ఉన్నడు. మీ కొట్లాట ఆమెకు వినబడాల్నా?" అన్నాడు.

ఆ మాటతో ఇద్దరి చేతులూ సడలాయి. అజారుద్దీన్ లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. షాబాజ్ జుబ్బా అంచుతో ముక్కు ఒత్తిపట్టుకున్నాడు.

"మొత్తం చెప్పు. ఒక్క ముక్క దాయకు," అన్నాడు తండ్రి, పెద్దకొడుకుతో.

"ఏం చెప్పాలె అబ్బా? జామకుంట తండల డ్రోన్ పోయి మిర్చి కల్లంల దిగింది. ఆరబోసిన కాయంత లేచింది. హాతీరాం పెండ్లాం కమ్లి అక్కడనే కూసోని పనికిరాని తాలుకాయ ఏరుతున్నదట. గింజ, పొడి మొత్తం ఆమె కండ్లల్ల కొట్టింది. ఆమె ఒర్లుతుంటే జనం ఉరికొచ్చేసరికి మిషన్ పార్సిల్ ఇడిసి లేచిపోయింది. ఎనకనే మన బెంజమిన్ బరువు పార్సిళ్లు ఏసుకొని బండి మీద పోయిండు. ఒంటి మీద మన ఆఫీసు నీలం చొక్కా ఉన్నది కద. పట్టుకున్నరు."

"పట్టుకొని?"

"హాతీరాం తమ్ముడు బిచ్యా గొడ్డలి కామ కట్టెతోని కొడుతున్నడు. నేను పోయి అడ్డం పడితే నాకు గిది." అజారుద్దీన్ తల మీది తువ్వాలు తాకి చూపించాడు. "డ్రోన్ దింపినోన్ని తెచ్చి అప్పజెప్పు, నీ పిల్లగాన్ని తోల్కపో అన్నరు. పోలీసు జీపు చప్పుడు వినబడితే పిల్లగాడు మిగలడన్నరు."

"వాళ్ల తండ పెద్ద మోతీలాల్ నాయక్ ఏమైండు? ఆయన ఊకున్నడా?"

"మిర్చి లారీ ఎంబడి ఖమ్మం యార్డుకు పోయిండు. ఆయనుంటే గింత దూరం రాకపోవు. ఆపెటోడు లేడు అక్కడ."

మహబూబ్ అలీ చిన్నకొడుకు వైపు తిరిగాడు. భద్రాచలంలో ఆ ఇంటి పార్సిల్ ఆఫీసు తెలియనివాళ్లు లేరు. అడవిలో ఏ మూల ఊరికైనా సరే, పార్సిల్ అంటే అజారుద్దీన్ బండ్ల మీద వెళ్లాల్సిందే. మొన్న వానాకాలం గోదారి పొంగి రోడ్లన్నీ మునిగినప్పుడు కంపెనీ డ్రోన్‌లు తెచ్చింది. షాబాజ్ హైదరాబాద్‌లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుని, నీళ్ల మీదుగా మందులు పంపాడు. ఊళ్లకు ఊళ్లు దండం పెట్టాయి. వరద తీసింది గానీ డ్రోన్ పోలేదు. చిన్న పార్సిల్ ప్రతిదీ దానికే ఎక్కింది. అజారుద్దీన్ దగ్గర బండి తోలే పిల్లలు ఒక్కొక్కరే మానుకున్నారు. బెంజమిన్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

"నువ్వు చూసుకోలేదా?" అని అడిగాడు తండ్రి.

"చూసిన." షాబాజ్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "మిషన్ దానంతటదే పోయి ఊరి పైన నిలబడుతది అబ్బా. కంపెనీ అన్ని ఊర్లకు ఎర్ర షీటు ఇచ్చింది, నడుమ తెల్ల గుండ్రం ఉంటది. వాళ్లు అది ఖాళీ జాగల పరవాలె. మనకు తెర మీద ఆ గుండ్రం కనబడితే బటన్ నొక్కుతం, దిగుతది. గుండ్రం కనబడ్డది, నొక్కిన."

"గుండ్రం కనబడితే కల్లంల ఎందుకు దిగిందిరా?" అజారుద్దీన్ గోడ దగ్గర నుంచే అరిచాడు. "నా పోరగాండ్లు పోతే ఆ తండల మంచినీళ్లిచ్చి కూసోబెట్టెటోళ్లు. పేరు పెట్టి పిలిచెటోళ్లు. నీ మిషన్ పోవుడు మొదలైనంక మనమెవరమో కూడ మరిచిపోయిన్రు. లేకుంటే బెంజమిన్‌ను కట్టేస్తరా వాళ్లు?"

షాబాజ్ ముక్కు తుడుచుకున్నాడు. తల ఎత్తి ఒక్కసారి చెల్లెలి వైపు చూశాడు. నోరు విప్పావో చూడు అన్న హెచ్చరిక ఉంది ఆ చూపులో.

అనీసా చూపు తిప్పుకుంది. డ్రోన్ దిగిన వేళకు షాబాజ్ మసీదులో ఉన్నాడు. తెర ముందు కూర్చున్నది ఆమె. ప్రతి శుక్రవారం జరిగేదే ఇది. జుమ్మా వేళకు ఆర్డర్లు ఆగవు, కంపెనీకి నమాజు సంగతి చెబితే వేరే మనిషిని పెట్టుకుంటుందని అతని భయం. చెల్లెల్ని కూర్చోబెట్టి, తెల్ల గుండ్రం కనబడితే నొక్కు అని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆమెకూ అదొక సరదా. ఇవాళ తెర నిండా ఎరుపే కనిపించింది. ఆ ఎరుపు అంచున తెల్లటి వంపు కొంచెం తొంగిచూసింది. గుండ్రం అదే అనుకుంది. నొక్కింది.

ఆమె ఎవరికీ కనబడకుండా మెట్లు దిగిపోయింది.

కింద ఆఫీసు మెట్ల మీద ఆరోగ్యమ్మ కూర్చుని ఉంది. మిషనరీ దవాఖానాలో ఆయాగా చేస్తుంది. డ్యూటీ చీర మార్చుకోకుండానే వచ్చేసింది. ఏడవడం లేదు. వచ్చేపోయే ఆటోల్ని చూస్తోంది, ఏ ఆటోలోంచైనా కొడుకు దిగుతాడేమోనని.

అనీసా గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. "తాగు పెద్దమ్మీ."

"వాడు తాగిండా?"

అనీసా గ్లాసు మెట్టు మీద పెట్టింది.

అనీసా పుట్టిన నెలలో తల్లి బేగం టైఫాయిడ్‌తో మంచం పట్టింది. బతుకుతుందో లేదో కూడా తెలియని రోజులవి. అప్పుడు ఇదే ఆరోగ్యమ్మ ఒడిలో ఒక పక్క అనీసా కంటే వారం చిన్నవాడైన బెంజమిన్‌ను, ఇంకో పక్క అనీసాను వేసుకుని పాలిచ్చి సాకింది. అందుకే ఆ ఇంట్లో బెంజమిన్‌ను పనివాడని ఎవరూ అనరు. దూద్ భాయ్ అంటారు. ఒకే పాలు తాగినవాడు తోడబుట్టినవాడితో సమానం, అతని ముందు ఆడవాళ్లు కొంగు సవరించుకోనక్కర్లేదు. ఏ పండక్కయినా సేమ్యా గిన్నె ముందు ఆరోగ్యమ్మ ఇంటికి వెళ్లిన తర్వాతే ఈ ఇంట్లో మూత తీసేది.

"అనీసా, ఆ మిషన్ దింపింది షాబాజేనా?" అని ఆరోగ్యమ్మ అడిగింది.

అనీసా చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"షాబాజ్‌ను పంపుమని నేను అడగ బిడ్డా. బేగం కొడుకును అటు పంపి నా కొడుకును తెచ్చుకోనీకి నాకు మనసెట్ల ఒప్పుతది? నేనే పోత. ఎవరన్న బండి మీద దింపితే చాలు. నన్ను కట్టేసుకొమ్మంట, పిల్లగాన్ని ఇడువుమంట. దెబ్బలు ఎవరు తింటే వాళ్లకేంది?"

ఆ మాటలు ఆమె ఏడుస్తూ చెప్పి ఉంటే అనీసా కూడా ఏడ్చి ఊరుకునేదేమో. రేపు కూరలు ఏం తేవాలో చెబుతున్నంత మామూలుగా చెప్పింది ఆరోగ్యమ్మ. అనీసా చున్నీ కొస వదిలేసింది. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. లేచి మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరుగెత్తింది.

పైన అజారుద్దీన్ తమ్ముణ్ని కాలర్ పట్టి మెట్ల వైపు ఈడుస్తున్నాడు. బేగం రెండు చేతులతో షాబాజ్ నడుం చుట్టుకుని వదలడం లేదు.

"నా బిడ్డను నేను పంప. వాళ్లు నరికేస్తరు."

"మరి అక్కడున్నోడు ఎవరి బిడ్డ అమ్మీ?" అన్నాడు అజారుద్దీన్. "నీ బిడ్డకు పాలు కావాల్సి వచ్చిన రోజు ఆరోగ్యమ్మ అట్ల అన్నదా?"

బేగం చేతులు వదులయ్యాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల మీద చతికిలబడింది.

"షాబాజ్ భాయ్ కాదు. నేను నొక్కిన," అంది అనీసా.

అజారుద్దీన్ తమ్ముడి కాలర్ వదిలేశాడు. పక్కింటి వాళ్ల కుక్కర్ విజిల్ ఒకటి వినిపించింది.

"ఏమన్నవ్?" అన్నాడు మహబూబ్ అలీ.

"బటన్ నొక్కింది నేను అబ్బా. భాయ్ మసీదుకు పోయిండు. నేను తెర ముందల కూసున్న. ఎర్రగ కనబడ్డది, షీటనుకున్న."

"ఎప్పటి సంది నడుస్తుంది గిది?"

"శుక్రవారం శుక్రవారం."

మహబూబ్ అలీ కాలి చెప్పు తీశాడు. ఆ చెప్పు తన మీదకే వస్తుందనుకుంది అనీసా. కానీ అది షాబాజ్ చెంప మీద పడింది. మళ్లీ పడింది. ముసలాయన కాలు జారి తూలిపడబోయి నిలదొక్కుకుని మరీ కొట్టాడు. షాబాజ్ చేతులు అడ్డం పెట్టలేదు.

"చెల్లె చేతిల మిషన్ పెట్టి పోతివి. ఆ తప్పు ఒప్పుకోకుండ మధ్యాహ్నం సంది అబద్ధం ఆడుతున్నవు. ఏం నమాజు చదివినవురా అక్కడ?"

"చెప్తే లైసెన్సు పోతది అబ్బా." ఉబ్బిన ముక్కుతో ముద్దముద్దగా అన్నాడు షాబాజ్. "వేరేటోళ్లు ముట్టుకోవద్దని కంపెనీ రూలు. కేసు పెడతరు. దీని పేరు కూడ బయటికొస్తది. అందుకే చెప్పకు అన్న."

"పేరు వస్తే రానీ. నేను పోత తండాకు," అంది అనీసా.

బేగం దిగ్గున లేచి కూతురి జుట్టు పట్టుకుని వంచి వీపు మీద గుద్దింది. "ఆడపిల్లవే నువ్వు. ఆ మందల పోయి ఏమని నిలబడుతవే? చస్తనంటవా?" అని గుద్ది గుద్ది, చివరికి ఆ వీపు మీదే తల వాల్చి బావురుమంది.

అనీసా తల్లి చేతుల్ని మెల్లగా విడిపించుకుంది. తండ్రి వైపు చూసింది. పొమ్మంటాడా, వద్దంటాడా? మహబూబ్ అలీ చెప్పు కింద పడేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా ఇటు తిరగలేదు.

అజారుద్దీన్ రాడ్డు విసిరేసి జేబులోంచి బండి తాళం తీశాడు.

"ఎక్కు," అన్నాడు చెల్లెలితో.

మెట్లు దిగుతూ ఆరోగ్యమ్మ పక్కనుంచే వెళ్లారు. ఆమె అనీసా తల మీద చెయ్యి పెట్టి తీసింది, అంతే.

గోదావరి వంతెన దాటారు. సారపాక దాటారు. రోడ్డు వదిలి టేకు చెట్ల మధ్య మట్టి బాట పట్టారు. ఎండుటాకులు చక్రాల కింద ఫటఫటమంటున్నాయి. అజారుద్దీన్ తలగుడ్డ నుంచి జారిన నెత్తురు గాలికి వెనక్కి వచ్చి ఆమె బుగ్గ మీద పడింది. తుడుచుకుంది.

"అక్కడ నువ్వు నోరు తెరవకు. నేను మాట్లాడుత," అన్నాడు అతను.

"నువ్వు మాట్లాడితేనే కద తల పగిలింది."

అతను బండి ఇంకా గట్టిగా తోలాడు.

తండా ఇంకా కనబడకముందే ఘాటు తగిలింది. ముక్కు, గొంతు మండిపోయాయి. కల్లం దగ్గర బండి ఆగేసరికి అనీసాకు కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అంత పెద్ద కల్లంలో కాయ ఒక చోట ఉంటే ఒట్టు. గడ్డి మీద, ముళ్ల కంప మీద, షెడ్డు రేకుల మీద, ఎక్కడ చూసినా చెల్లాచెదురుగా మిరపకాయలే. ఏడాదంతా నడుం వంచి చేసిన చాకిరీ అలా దుమ్ములో కలిసిపోయింది. ఎవరికైనా ఒళ్లు మండదా మరి?

షెడ్డు గుంజకు బెంజమిన్ కట్టేసి ఉన్నాడు. నీలం చొక్కా పీలికలై వేలాడుతోంది. తల ఛాతీ మీదికి వాలిపోయింది. జుట్టు నుంచి నడుం దాకా చల్లిన మిరప పొడి, నెత్తురు కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు. అసలు ఊపిరి ఉందా? అనీసా అతని పొట్ట వైపే చూసింది. పొట్ట కదిలింది. హమ్మయ్య, బతికే ఉన్నాడు.

షెడ్డు నీడలో కమ్లి కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతోంది. కళ్లకు తడిగుడ్డ కట్టారు. ఆమె భర్త హాతీరాం కల్లం మధ్య గొంతుక్కూర్చుని కాయలు చేతులతో కుప్ప చేస్తున్నాడు. బండి వచ్చినా తల ఎత్తలేదు. అతని తమ్ముడు బిచ్యా గొడ్డలి కామ భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

"మొగోన్ని దాచిపెట్టి ఆడిపిల్లను తెచ్చినవా? సిగ్గులేదా?"

అంటూనే కామతో అజారుద్దీన్ మోకాలి వెనక ఒక్కటి వేశాడు. అజారుద్దీన్ కూలిపోయాడు. ఇంకో ఇద్దరు అతని మీద కూర్చుని మెడ నేలకు ఒత్తారు.

"మా అన్నను కొట్టకు. డ్రోన్ దింపింది నేను." అనీసా అడ్డం వచ్చింది. "షాబాజ్ నమాజుకు పోయిండు. నేను కూసున్న. బటన్ నొక్కింది గీ చెయ్యే. బెంజమిన్‌కు ఏం తెల్వదు. ఇడిసిపెట్టున్రి."

"అబద్ధం. గింత పిల్ల డ్రోన్ నడుపుతదా?"

"నడిపిన. నా తమ్ముని మీద ఒట్టు."

"ఎవరు నీ తమ్ముడు?"

అనీసా గుంజ వైపు చెయ్యి చూపించింది. బిచ్యా అటూ ఇటూ చూశాడు. ఆ చుట్టరికం అతనికి అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు.

ఆమె కమ్లి దగ్గరికి రెండడుగులు వేసింది. "కమ్లక్కా, కావాలని చెయ్యలె. పైకెల్లి చూస్తే మనిషి కనబడలె. నాకు ఎరుపు తప్ప ఏం కనబడలె."

కమ్లి ఊగడం ఆపింది.

"ఏ చెయ్యి?" అన్నాడు బిచ్యా.

"ఇది."

"పెట్టు దీని మీద."

కట్టెలు కొట్టే మొద్దు ఒకటి కాలితో తోశాడు. వెనక నుంచి ఒక ముసలామె, ఆడిపిల్లరా, వద్దురా అంది. ఎవరూ వినిపించుకోలేదు. అజారుద్దీన్ కింద నుంచి పెద్దగా అరిచాడు. ఎవడో అతని మూతి మీద తన్నాడు.

అనీసా మోకాళ్ల మీద కూర్చుని కుడిచెయ్యి మొద్దు మీద పెట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోవాలని ఒళ్లంతా కొట్టుకులాడుతోంది. తల పక్కకు తిప్పుకుంది. హాతీరాం అక్కడికి చేతికి అందేంత దూరంలో ఉన్నాడు. అతని చేతుల కింద కాయలు జరిగిన చోట ఎర్ర షీటు కనిపించింది. మందపాటి కొత్త షీటు. దాని మీద తెల్లటి వంపు.

కంపెనీ షీటు. డ్రోన్ దిగాల్సిన షీటు మీదే మిర్చి ఆరబోశారు.

హాతీరాం ఆమె చూపు ఎక్కడుందో పసిగట్టాడు. గబగబా కాయలు లాగి ఆ తెలుపు మీద పోశాడు. మధ్యాహ్నం నుంచి అతను తల ఎత్తకుండా కుప్ప చేస్తున్నది దేనికో అనీసాకు అప్పుడు తెలిసింది.

"హాతీరామన్నా, ఆ కాయలు పక్కకు జరుపు," అంది.

"ఏం చూస్తున్నవురా బిచ్యా? కొట్టు," అన్నాడు హాతీరాం.

గొడ్డలి కామ దిగింది. వేళ్ల ఎముకలు పటుక్కుమన్నాయి. అరిచిందో లేదో అనీసాకు తెలియదు. నోట్లో మట్టి తగిలితే గానీ తాను పక్కకు పడిపోయిన సంగతి తెలియలేదు. బిచ్యా కామ మళ్లీ ఎత్తాడు.

"ఆపు." కమ్లి గొంతు అది. గోడ తడుముకుంటూ లేచి నిలబడింది. "ఆ కాయల కింద ఏమున్నదో చూడు ఫస్టు. నువ్వే నీ చేత్తోని తీసి చూడు."

"నోర్మూయ్," అన్నాడు హాతీరాం.

"మూసిన. ఇయ్యాల మొత్తం మూసిన. చెప్పకని నా చెయ్యి పిసుకుతనే ఉన్నడు. ఇంకెంతసేపు మూయాలె? దెబ్బ దెబ్బకు ఆ పిల్లగాడు అమ్మా అంటున్నడు. ఇప్పుడు ఈ పిల్ల. కండ్లు పోయినయ్ గని నాకు చెవులు పోలే."

బిచ్యా వంగి రెండు చేతులతో కాయలు పక్కకు నెట్టాడు. ఎర్ర షీటు బయటపడింది. తెల్ల గుండ్రం మొత్తం బయటపడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ షీటు దేనికిచ్చారో తండాలో తెలియనివాళ్లెవరు?

"మంచి షీటు, కింద తేమ పట్టదు, ఊకె పరిచి ఏం చేస్తమని ఈయననే కాయ పోసిండు," అంది కమ్లి. "డ్రోన్ వచ్చెటప్పుడు తీస్తనన్నడు. నేను వద్దన్న. ఇన్నడా?"

హాతీరాం అలాగే కూర్చుండిపోయాడు. "పత్తి పోయింది. మిర్చి ఒక్కటే ఉన్నది," అన్నాడు ఎవరినీ చూడకుండా. "అది పాయె, కమ్లి కండ్లు పాయె. తప్పు నాదే అంటే ఇగ నేనెట్ల బతకాలె? ఎవడో ఒకడు దొరకాలె కద."

"గందుకని నాతోని కొట్టిచ్చినవా?" అన్నాడు బిచ్యా.

తన చేతిలోని కామను ఒకసారి, గుంజకు వేలాడుతున్న పిల్లవాణ్ని ఒకసారి చూశాడు. తర్వాత అన్న భుజం మీద బలంగా ఒక్కటి దించాడు. హాతీరాం మిరపకాయల్లో వెల్లకిలా పడ్డాడు. బిచ్యా ఏడుస్తూ కొడుతున్నాడు. జనమంతా అతని మీద పడి కామ లాక్కునే గోలలో అజారుద్దీన్‌ను పట్టుకున్నవాళ్లు అతన్ని వదిలేశారు. అతను పాక్కుంటూ గుంజ దగ్గరికి వెళ్లి పళ్లతో, గోళ్లతో తాళ్లు లాగాడు.

బెంజమిన్ ముందుకు తూలి అనీసా ఒళ్లో పడ్డాడు. విరిగిన చెయ్యి పక్కన పెట్టుకుని ఆమె ఎడమచేత్తో అతని తల ఎత్తిపట్టింది. ఇందాకటి ముసలామె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అనీసా చున్నీ తడిపి అతని ముఖం తుడిచింది. పొడి వదలడం లేదు. కనురెప్పలు ఉబ్బి అంటుకుపోయాయి. నీళ్లు పోసి పోసి మెల్లగా విడదీసింది.

బెంజమిన్ కళ్లు తెరిచాడు.

"ఎవరు?"

"నేనురా. అనీసాను."

"నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?" మాట పీలగా వస్తోంది. "అమ్మకు చెప్పిన్రా?"

"చెప్పినం. ఆఫీసు మెట్ల మీద కూసోని నీ కోసం చూస్తున్నది."

"ఈ యాళ్ల దాంక బయటనేనా? ఇంటికి పంపకపోయిన్రా ఆమెను?" అతను తల అటూ ఇటూ తిప్పాడు. చెయ్యి చాపి గాలిలో తడిమాడు. "గింత చీకటి పడ్డది. వీళ్లు లైటన్న ఎయ్యలేదేంది? నీ ముఖం కూడ కనబడతలేదు."

కాలికి మిగిలిన తాడు విప్పుతున్న అజారుద్దీన్ చెయ్యి ఆగిపోయింది. టేకు చెట్ల మీదుగా ఏటవాలుగా వచ్చిన ఎండ అనీసా ముఖం మీద పడుతోంది. కళ్లు చిట్లించి అన్న వైపు చూసింది.

"అవ్ రా, పొద్దు గూకింది," అంది అనీసా.